జుట్టు పెరిగేదాకా

తనూజ ఇంట్లో కత్తెరతో జుట్టు కత్తిరించుకున్న సాయంత్రం బహదూర్‌పురాలో సూర్యుడు మామూలుగానే అస్తమించాడు. ఆమె తండ్రి రామ్‌చందర్‌కు అది అన్యాయంగా తోచింది. నడుం దాటిన జడ చెవుల మీదికి ఎక్కిపోతే లోకం ఏమీ పట్టనట్టు ఉండడమేమిటి? ఆయన పాలక్యాను కింద పెట్టి, కొట్టంలో ఉన్న బర్రెలన్నీ వినేలా తీర్పు చెప్పాడు.

"జుట్టు పెరిగేదాక నా ఇంట్ల అడుగు వెట్టకు."

తనూజ పుట్టినప్పటి నుంచి ఆయన మాట విన్నది లేదు. ఆ రోజు విన్నది. బట్టలు సంచిలో కుక్కుకుని దబీర్‌పురాలో మేనత్త రూప ఇంటికి వెళ్లిపోయి, జుట్టు పెరగ్గానే వస్తానని కబురు పంపింది. రామ్‌చందర్ మనసులో లెక్క వేశాడు. జడ మళ్లీ నడుం దాటేసరికి ఆయనకు మనవలు ఉండాలి.

అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు. రామ్‌చందర్ తాత ఉస్మాన్‌గంజ్‌లో ఒక తవుడు దుకాణం గడప మళ్లీ తొక్కనని ఒకసారి అన్నాడు. చచ్చేదాకా ఆ గడప బయట ఎండలో నిలబడి బేరం చేశాడు.

భార్య అఖిల కూరలో ఉప్పు వేయడం మానేసింది.

అసలు చిక్కు తెల్లారి మొదలైంది. లచ్చి తొలిసూరు బర్రె. ఈనిన దుడ్డె దక్కలేదు. ఆ దిగులులో పక్కన కూర్చున్న తనూజనే దుడ్డె అనుకుందో ఏమో, ఆమె పిండితే తప్ప పాలు చేపదు, చుక్క కూడా దించదు. రామ్‌చందర్ వెళ్లి కూర్చుంటే, అద్దె అడగడానికి వచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది. పత్తిగింజలు పెట్టాడు. కుడితి పెట్టాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని బతిమాలాడు కూడా. సాయంత్రానికి పొదుగు రాయిలా బిగుసుకుంది. ఇంకో పూట ఆగితే వాపు వచ్చి బర్రె పనికిరాకుండా పోతుంది. ఫోను తీశాడు, మళ్లీ జేబులో పెట్టాడు. బిడ్డను పిలిస్తే మాట పోతుంది. పిలవకపోతే బర్రె పోతుంది.

మంచం మీద కూర్చుని ఎల్లిపాయలు వలుస్తున్న తల్లి ఆండాలు తల ఎత్తలేదు.

"మీ నాయిన ఏం జేసిండో యాది లేదారా?"

యాదికి లేకపోవడమేమిటి? దాన్ని మరిచిపోవడానికే ఆయన పాతికేళ్లుగా కష్టపడుతున్నాడు.

పద్దెనిమిదేళ్లప్పుడు రామ్‌చందర్ భుజాల దాకా జుట్టు పెంచాడు. దానికి తోడు చిలకపచ్చ రంగులో, పసుపు పూలతో, తళతళలాడే ఒక చొక్కా కొన్నాడు. అది చూసి జూపార్కులో నెమళ్లు సిగ్గుపడి తోకలు ముడుచుకున్నాయని అప్పట్లో బస్తీ అంతా చెప్పుకున్నారు. మొదట చెప్పింది రామ్‌చందరే. తండ్రి బాబురావు, ఇంట్లో ఆ చొక్కా అయినా ఉండాలి, తానైనా ఉండాలి అన్నాడు. రామ్‌చందర్ కోపంతో చొక్కా విప్పి కొట్టంలో గుంజ మీదికి విసిరేసి, ఇక జన్మలో బర్రె ముఖం చూడనని బనీను మీద వెళ్లిపోయాడు. ఉస్మాన్‌గంజ్‌లో గోనెసంచుల మీద కూర్చున్నాక, ఏ చొక్కా కోసం ఇల్లు వదిలాడో ఆ చొక్కా ఇంట్లోనే ఉందని తట్టింది.

చొక్కా కోసమే, కేవలం చొక్కా కోసమే, సాయంత్రం ఇంటికి వచ్చాడు. కొట్టంలో బాబురావు బర్రె కింద కూర్చుని ఉన్నాడు. గుబురు మీసాలు, మోకాళ్ల దాకా ధోతి, పైన చిలకపచ్చ చొక్కా. అప్పటి బర్రె రామ్‌చందర్ చేతికే చేపేది. చొక్కాలోని చెమట వాసనకు మోసపోయి కళ్లు మూసుకుని పాలిస్తోంది. బాబురావు వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"చంకల్ల గుంజుతున్నదిరా. మల్ల కొంటే ఒక సైజు పెద్దది దెచ్చుకో."

తిరుగుబాటు అక్కడితో అయిపోయింది. తండ్రికి నప్పిన చొక్కాను తిరిగి వేసుకునే ధైర్యం ఏ వయసు కుర్రాడికీ ఉండదు.

ఆండాలు లేచి వెళ్లి తనూజ ఉతకకుండా వదిలేసిన టీషర్టు తెచ్చి ఇచ్చింది. నల్లటిది. ముందు పుర్రె, పుర్రె పళ్ల మధ్య గులాబీ. రామ్‌చందర్ తల దూర్చాడు. అది పొట్ట దాకా వచ్చి, ఇంతకంటే దిగనని ఆగిపోయింది. లచ్చి వాసన చూసింది. పుర్రెను చూసింది. ఆయన్ని చూసింది. చివరికి, ఈ సంగతి తాను ఎవరికీ చెప్పనన్నట్టు తల తిప్పుకుంది. మొదటి ధార బకెట్‌లో మోగింది.

బర్రె గండం గట్టెక్కింది. రామ్‌చందర్‌కు సంతోషం రావాలి. రాలేదు. ఇక బిడ్డను పిలవడానికి ఆ సాకు కూడా లేదు.

అప్పుడే గేటు కిర్రుమంది. తనూజ గడప బయట, సరిగ్గా గడప బయట నిలబడింది.

"నేను లోపలికొస్తలేను. లచ్చి పాలిచ్చిందో లేదో చూసి పోదామని వచ్చిన," అంది. తర్వాత పుర్రె కనిపించింది. ఆమె చున్నీ కొస నోట్లో కుక్కుకుంది.

రామ్‌చందర్ తల తిప్పలేదు. పొదుగు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"జుట్టు జర పెరిగినట్టుందే," అన్నాడు.

తనూజ మెడ మీద తడుముకుని చూసుకుంది.

"పెరిగింది బాపు. మస్తు పెరిగింది."

"మరి అక్కడెందుకు నిలబడ్డవ్?"

"ముందు నా అంగి విప్పు. సాగిపోతది."

"విప్పొస్తలేదు. లోపలికి పోయి కత్తెర పట్రా," అన్నాడు రామ్‌చందర్. "ఏడ పెట్టినవో నీకే ఎరుక."