కారణం రాయాల్సిన గడి

అప్రెంటిస్‌గా తీసుకునేటప్పుడు టెలిఫోన్ కంపెనీ అతని ఎత్తు కొలిచింది, రక్తం తీసుకుంది, గోడ మీది అక్షరాలు చదివించింది. రంగులు చూపించి ఇదేమిటని ఎవరూ అడగలేదు. అడగనిది అతనూ చెప్పలేదు.

వయసు ఇరవై ఆరు. అంతకుముందు నాలుగేళ్లు పార్సిల్ వ్యాను నడిపాడు. శిక్షణ హాల్లో మొదటి రోజే ట్యూబ్‌లైటుకు తల కొట్టుకోవడంతో మిగతా పదమూడు మంది అప్రెంటిస్‌లూ అతనికి నిచ్చెన అని పేరు పెట్టారు. పక్క బల్ల అమ్మాయి కుర్చీ ఎటు వేయాలన్న దగ్గర కూడా వాదనకు దిగేది. ఆమెకు వకీలు అన్న పేరు పడింది. పని నేర్పే ఆయన ముప్పై ఒక్కేళ్లుగా కేబుళ్లు అతుకుతున్నాడు. ఆఫీసరు నుంచి డ్రైవరు దాకా ఆయన్ని మేస్త్రీ అనే అంటారు.

కేబుల్ తొడుగు కోస్తే లోపల గొట్టాలుంటాయి. ఒక్కో గొట్టంలో పన్నెండు ఫైబర్లు, వెంట్రుకంత సన్నం, ఒక్కోదానికి ఒక్కో రంగు. ఇవతలి నీలాన్ని అవతలి నీలంతో, ఇవతలి నారింజను అవతలి నారింజతో అతకాలి. గొట్టం దాటాక అవి వరసలో ఉండవు. రంగు చూసే ఏరుకోవాలి.

నిచ్చెనకు పది రంగులు తెలుసు. ఆకుపచ్చ, గోధుమరంగు మాత్రం అతని కంటికి ఒకటే.

రెండో వారంలో వకీలు పట్టేసింది.

"ఏంటి, చేతికొకటి పట్టుకుని తూకం వేస్తున్నావా?"

"ఇందులో గ్రీన్ ఏది?"

"జోకా?"

"కాదు."

ఆమె అతని మొహం చూసింది. "ఎడం చేతిలోది. మేస్త్రీకి తెలుసా?"

"తెలిస్తే నేనిక్కడ ఉంటానా?"

ఆ రోజు నుంచి అతని బల్ల పక్కగా వెళ్లేటప్పుడు ఆమె గోధుమరంగు ఫైబర్ పక్కన గోరుతో ఒకసారి గీసి పోయేది. ఎవరూ గమనించలేదు.

ఆమె ఒక్కదాని మీదే ఆధారపడితే కుదరదని అతనికి తెలుసు. మధ్యాహ్నం అందరూ క్యాంటీన్‌కు వెళ్లాక పరీక్ష మిషన్ ముందు కూర్చునేవాడు. ఆ మిషన్ ఫైబర్లోకి వెలుగు పంపి, తిరిగి వచ్చినదాన్ని తెర మీద గీతగా గీస్తుంది. ఎన్ని మీటర్ల దగ్గర అతుకుంది, ఎక్కడ వంగింది, ఎక్కడ తెగింది, అన్నీ ఆ గీతలో ఉంటాయి. ఏ రెండు ఫైబర్ల గీతలూ అచ్చంగా ఒకలా ఉండవు. అతను వాటిని తన రికార్డు పుస్తకంలో చేత్తో గీసుకుని, పక్కన దూరాలు రాసుకునేవాడు. బయట లైను తెగితే ఎక్కడ తవ్వాలో మేస్త్రీకి లెక్కవేసి చెప్పేవాడు.

ఉండేది అక్కా బావల ఇంట్లో. ఇంట్లో ఈ సంగతి తెలిసింది అక్కకే.

"తాతకీ ఇంతేరా," అంది అక్క, అతని చొక్కాకు గుండీ కుడుతూ. "అమ్మమ్మ టమాటాలు కోసుకు రమ్మంటే పచ్చికాయలన్నీ కోసుకొచ్చేవాడట. ఆవిడ నోరు నొప్పి పుట్టింది గానీ ఆయన మారలేదు."

"తాత కాయలు కోశాడు అక్కా. నేను కేబుళ్లు కోస్తున్నాను."

"అయితే చెప్పెయ్."

"ఆర్నెల్లు కానీ."

ఆర్నెల్లకు మేస్త్రీ సంతకం చేయాలి. 'ఒంటరిగా పని చేయగలడు' అన్న వాక్యం కింద ఆయన సంతకం ఉంటే మిగతా ఏడాదిన్నర కొనసాగుతుంది. లేకపోతే గేటు పాసు తిరిగి ఇచ్చేయాలి. ఆ ఆర్నెల్లలో ఒక్క తప్పుకు మాఫీ ఉంది.

సంతకానికి మూడు వారాలుండగా, ఒక మంగళవారం వకీలుకు జ్వరం వచ్చింది. అదే రోజు మేస్త్రీ అతన్ని ఒక వీధి చివరి కేబుల్ పెట్టె దగ్గర దింపి, పన్నెండు ఫైబర్లు అతకమని చెప్పి, పరీక్ష మిషన్ తీసుకుని వేరే పనికి వెళ్లాడు. రంగు తెలియకపోయినా సరిచూసే దారి ఒకటుంది. అవతలి కొసన ఒక మనిషి వెలుగు పంపితే, ఇవతల ఏ ఫైబర్లో వస్తుందో చూడొచ్చు. అవతలి కొస మూడు కిలోమీటర్ల దూరంలో, తాళం వేసిన గదిలో ఉంది. ఆఖరి రెండింటినీ అతను ఎండలో పెట్టి చూశాడు, టార్చి కింద పెట్టి చూశాడు. చివరికి ఒక నిర్ణయానికి వచ్చి అతికాడు. అతుకు సరిచూసే చేతి మీటరు వెలుగు సరిగ్గా పోతోందనే చూపించింది. ఏ దారిన పోతోందో మీటరు చెప్పదు.

బుధవారం ఉదయం తొమ్మిదింటికల్లా రెండు వీధుల నుంచి ఫిర్యాదులొచ్చాయి. పళ్ల డాక్టరు దగ్గర ఫోను పలకడం లేదు. ప్రింటింగ్ షాపులో ఇంటర్నెట్ లేదు. మేస్త్రీ అతన్నీ, జ్వరం తగ్గి వచ్చిన వకీలునూ వెంటబెట్టుకెళ్లి పెట్టె తెరిచాడు. కళ్లజోడు కూడా పెట్టుకోలేదు.

"గ్రీన్ పోయి బ్రౌన్‌తో కాపురం పెట్టింది," అన్నాడు.

ఇరవై నిమిషాల్లో సరిచేసి వ్యానెక్కాడు. తప్పుల కాగితం తీసి నిచ్చెన ఒళ్లో పెట్టాడు. స్థలం, సమయం, చేసిన మరమ్మతు, కారణం. నాలుగు గడులు. మొదటి మూడూ ఆయనే నింపాడు.

"అజాగ్రత్త అని రాయి. ఒకటి మాఫీ ఉంది, అయిపోతుంది. ఇంకోసారి చేశావంటే మాత్రం నేనే నిన్ను గేటు దాకా దింపుతా."

"వీధిలో చెట్ల నీడ ఉందని కూడా రాయి," అంది వకీలు వెనక సీట్లోంచి. "ఎవరైనా అడిగితే నేను మాట్లాడతా."

"నిన్నెవరూ పిలవలేదమ్మా."

నిచ్చెన పెన్ను మూత తీశాడు. ఆ ఒక్క మాట రాస్తే మూడు వారాల్లో సంతకం పడుతుంది. ఆ తర్వాత ప్రతి పెట్టె దగ్గరా అతనొక్కడే ఉంటాడు.

"మేస్త్రీ, ఆ రెండింట్లో ఒకటి అంబులెన్సు ఆఫీసు లైనయితే?"

"కాలేదుగా."

"అయ్యుంటే?"

నిచ్చెన నాలుగో గడిలో రాశాడు: 'నాకు ఆకుపచ్చకూ గోధుమరంగుకూ తేడా కనిపించదు. పుట్టినప్పటి నుంచీ అంతే.'

మేస్త్రీ దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఐదు నెలలు నా కళ్లు కప్పావురా."

"అవును మేస్త్రీ."

"ఎలా?"

వకీలు చెయ్యెత్తింది. "నేను సాయం చేశాను."

"నిన్నడిగానా?"

"అడక్కపోయినా చెప్తాను."

"అది మాత్రం నాకు తెలుసు," అన్నాడు మేస్త్రీ. కాగితం మడిచి జేబులో పెట్టుకుని డ్రైవరును పోనిమ్మన్నాడు.

శుక్రవారం కంపెనీ కంటి డాక్టరు అతని ముందు రంగు చుక్కల్లో అంకెలు దాగిన బొమ్మల పుస్తకం పెట్టింది. ఇరవై నాలుగు బొమ్మల్లో ఏడింట్లో అంకెలు కనిపించాయి. ఆ రిపోర్టుతో అప్రెంటిస్‌ల విభాగం ఆఫీసరు గదికి వెళ్లాడు. మేస్త్రీ తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"అతుకు పని ఇక నీకు ఇవ్వను," అంది ఆఫీసరు. "అందులో మాట్లాడుకోవడానికేం లేదు."

"అర్థమైంది మేడమ్." గేటు పాసు తీసి బల్ల మీద పెట్టాడు.

మేస్త్రీ ముందుకొచ్చి ఆ పాసు మీద రికార్డు పుస్తకం పెట్టాడు. "ఇదీ చూడండి మేడమ్."

నియమం ప్రకారం ఆర్నెల్లలో ముప్పై గీతలు ఉండాలి. ఆమె పేజీలు తిప్పుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టి, వంద దగ్గర ఆపేసింది.

"ఇన్నెందుకు గీశావు?"

"రంగును నమ్మలేను కదా మేడమ్. ఏ ఫైబర్ ఏదో గీతను బట్టి గుర్తుపెట్టుకునేవాణ్ణి."

ఆమె మేస్త్రీ వైపు తిరిగింది. "ఇతను చెప్పిన దూరాలు సరిపోయేవా?"

"తవ్విన చోటల్లా ఐదారు మీటర్ల తేడాలో దొరికింది. నాకన్నా దగ్గరగా చెప్పాడు. ఈ మాట బయట అనకండి."

ఆఫీసరు నవ్వలేదు. లైన్లను తెరల మీద చూసే పరీక్షల గదిలో ఒక అప్రెంటిస్ ఖాళీ ఉందని చెప్పింది. ఈ ఐదు నెలలూ లెక్కలోకి రావు, మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి. దాచినందుకు ఇతనికో హెచ్చరిక, అందుకు సాయపడినందుకు ఆ అమ్మాయికో హెచ్చరిక. ఆర్నెల్లకు అక్కడా ఒక సంతకం కావాలి.

"ఆ గదిలో తెరల మీద రంగులుంటాయా మేడమ్?"

"వెళ్లి చూసిరా. చేయగలవో లేదో నువ్వే చెప్పు. ఈసారి ముందే చెప్పు."

పరీక్షల గదిలో ఎనిమిది తెరలున్నాయి. బాగున్న లైనుకు ఆకుపచ్చ చుక్క, తెగినదానికి ఎర్ర చుక్క. నిచ్చెన వాటిని చూసి, అక్కడి పెద్దాయనకు ఉన్న సంగతి చెప్పాడు. ఆయన టీ కప్పు పక్కన పెట్టి, ఏవో రెండు మీటలు నొక్కాడు. తెగిన లైన్ల చుక్కలన్నీ త్రికోణాలయ్యాయి.

"ఈ సౌకర్యం ఉందని నాకూ ఈమధ్యే తెలిసింది," అన్నాడు. "ఎవరికీ అవసరం పడలేదు."

నిచ్చెన ఆయన్ని వేరే లైన్లు మార్చి మార్చి చూపించమన్నాడు. పది లైన్లు చూసి, ఏది బాగుందో ఏది తెగిందో పదింటికీ సరిగ్గా చెప్పాడు. తర్వాత ఆఫీసరు దగ్గరికి వెళ్లి, చేయగలనన్నాడు.

"మళ్లీ మొదటి రోజా?" అంది అక్క ఇంట్లో.

"మొదటి రోజే."

"ఐదు నెలలు గంగలో కలిపావన్నమాట," అన్నాడు బావ.

"మీరుండండి," అంది అక్క. "రేపు ఏ చొక్కా వేసుకుంటావురా?"

రెండో వారం గురువారం, పరీక్షల గది ఫోను మోగింది. అవతల వకీలు. ఒక స్కూలు వెనక లైను పోయింది, నేల మీద ఎక్కడా తవ్విన గుర్తు లేదు. పెద్దాయన ఫోను నిచ్చెనకు ఇచ్చి తన పనిలో పడ్డాడు. నిచ్చెన వెలుగు పంపాడు. గీత సాఫీగా వెళ్లి 1,846 మీటర్ల దగ్గర పడిపోయింది. మ్యాప్ మీద కొలిచాడు. దారిలోని కేబుల్ గుంతల్లో మిగులుగా చుట్టిపెట్టిన పొడవు తీసేశాడు. ఇంకోసారి కొలిచాడు.

"స్కూలు గోడ దాటాక రెండో గుంత ఉంది కదా, దానికి నాలుగు మీటర్లు ఇవతల."

"అక్కడంతా సిమెంటు. తవ్వేది నువ్వు కాదు కాబట్టి నోటికొచ్చింది చెప్తున్నావు. ఖాయమేనా?"

"తవ్వండి."

ఆమె ఫోను కట్ చేయలేదు. గునపం చప్పుళ్లు, ఎవరో నీళ్లు అడగడం, పక్కకు జరగమని మేస్త్రీ అరవడం వినిపించాయి. నిచ్చెన తెర మీది గీతను చూస్తూ కూర్చున్నాడు. ముప్పై ఐదు నిమిషాలు గడిచాయి.

"ఒరేయ్ నిచ్చెనా," అన్నాడు మేస్త్రీ ఫోన్లో. "ఎలుక కొరికింది. రెండు మీటర్లు తప్పావు."

"ఎటువైపు మేస్త్రీ?"

"ఇవతలికి, స్కూలు గోడ వైపు దొరికింది."

నిచ్చెన కొత్త రికార్డు పుస్తకం తెరిచి ఆ గీతను గీశాడు. పక్కన చెప్పిన దూరం, దొరికిన దూరం రాసి, రెండు మీటర్లు ఎక్కడ పోయాయో చూడటానికి మ్యాప్ మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు.