కత్తెరమ్మ ఆరు కిలోలు

ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది కానీ, ఆ పేరుతో పిలిచేవాళ్ళు వీధిలో ఎవరూ లేరు. అందరికీ ఆవిడ కత్తెరమ్మే. పొద్దున్న లేవగానే ఏప్రాన్ కట్టుకుంటుంది. దాని జేబులో మూరెడు ఇనుప కత్తెర పడుతుంది, మెడలో టేపు పడుతుంది. మళ్ళీ పడుకోబోయేదాకా అవి ఒంటి మీద ఉండాల్సిందే. మొగుడు కాజాల మాస్టారు. చొక్కాలకు కాజాలు తీయడంలో, గుండీలు కుట్టడంలో ఆయన చేతికి తిరుగులేదు. మిషను మీద కూర్చోబెడితే మాత్రం ఆయన కుట్టు తాగినవాడి నడకలా పోతుంది. అందుకని పెళ్ళయిన కొత్తలోనే మిషను ఆవిడ పాలయింది, సూది ఆయనకు మిగిలింది.

అరవై నాలుగేళ్ళు వచ్చాక కత్తెరమ్మకు చిక్కు వచ్చింది మోకాళ్ళతో. కిందటేడు ఒకరోజు పెద్ద గుడ్డ కత్తిరించడానికి నేల మీద కూర్చుంది. కూర్చోవడం బాగానే కూర్చుంది, లేవడమే కుదరలేదు. మాస్టారు ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "నెమ్మదిగా లే. కంగారు పడకు. నేనున్నానుగా," అంటూ లాగాడు. ఆవిడ లేవలేదు సరికదా, ఆయనే వచ్చి ఒళ్ళో పడ్డాడు. ఆఖరికి పక్కింటి ప్లంబరు వచ్చి ఇద్దరినీ లేవదీశాడు. ఆ పూట ముగ్గురూ పడీపడీ నవ్వుకున్నారు. కానీ ఆనాటి నుంచి కత్తెరమ్మ బల్ల మీద పట్టే గుడ్డ తప్ప మరొకటి ముట్టుకోలేదు, ఆ సంగతి తలుచుకుంటే ఆవిడకు మనసు చివుక్కుమనేది.

అలాంటి సమయంలో వీధి చివరి నాటకాల హాలు మేనేజరు వచ్చి కబురు చెప్పాడు.

"తెర చీకిపోయిందమ్మా. ముప్పై ఏళ్ళ కిందట అది కుట్టింది మీరేనటగా. కొత్తది కూడా మీ చేత్తోనే కుట్టించాలని మావాళ్ళందరి మాట. నాలుగు నెలల్లో మిల్లు నుంచి వెల్వెట్ వచ్చేస్తుంది."

స్టేజీ తెరంటే బల్ల మీద పరిచే వ్యవహారం కాదు. గుడ్డంతా నేల మీద పరిచి, దాని పక్కనే కూర్చుని జరుగుతూ, అరచేత్తో నిమిరి చూసుకోవాలి. వెల్వెట్ నూగు అన్ని ముక్కల్లోనూ ఒకే వైపు వాలాలి. ఒక్క ముక్క తిరగబడిందా, దీపాలు వెయ్యగానే అది వేరే రంగులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, జనం నాటకం మానేసి దాన్నే చూస్తారు. ఆ పాత తెర కత్తిరించిన రోజుల్లో కూతురు నెలల పిల్ల. పిల్లను వెల్వెట్ ముక్క మీద పడుకోబెట్టి, ఒక చేత్తో జోకొడుతూ, రెండో చేత్తో కత్తిరించింది కత్తెరమ్మ. మేనేజరు అడిగిందే తడవు ఆవిడ సరేనని తలూపింది.

ఆ కూతురే ఇప్పుడు ఊరి ఆ చివరన ఆసుపత్రిలో నర్సు. విషయం తెలిసి పరుగున వచ్చింది, తల్లిని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. డాక్టరు తూకం మిషను ఎక్కించి చూస్తే డెబ్బై ఆరు కిలోలు.

"డెబ్బైకి దిగండి, నేల మీద హాయిగా కూర్చోండి. ఈలోపే కూర్చుంటే ఆ మోకాళ్ళకు నా పూచీ లేదు," అన్నాడాయన.

దారిలోనే కూతురు తీర్పు చెప్పేసింది. "వెల్వెట్ వచ్చేలోపు డెబ్బైకి దిగితే తెర నీది. దిగకపోతే నేనే మేనేజరుకు ఫోన్ చేసి, పెద్ద కంపెనీకి ఇచ్చుకోమని చెప్తా. తర్వాత ఏడ్చినా లాభం లేదమ్మా."

చెప్పి ఊరుకుందా? మర్నాటికల్లా ఇంట్లో రెండు వస్తువులు దింపింది. ఒకటి చేతికి పెట్టుకుంటే తల్లి కదలికలు లెక్కపెట్టే గడియారం. రెండోది తూకం మిషను. నల్లటి అద్దం పలక, దాని మీద ఒక్క అంకె కనిపించదు. ఎక్కి దిగితే చాలు, అంకె నేరుగా ఎక్కినవాళ్ళ ఫోనులోకి పోతుంది, అక్కడి నుంచి కూతురి ఫోనుకూ పోతుంది. పనిలో పనిగా తండ్రిని కూడా అందులో చేర్చింది. ఆయన బరువు అరవై ఏడు.

కత్తెరమ్మ నోరు కట్టేసుకుంది. అన్నం సగమైంది, టీలో చక్కెర పోయింది, డబ్బాలో బిస్కెట్ల వంక చూడటం కూడా మానేసింది. పొద్దున్నా సాయంత్రం హాలు దాకా నడిచి, మూసిన తలుపులు ఒకసారి చూసుకుని వచ్చేది. గడియారంతో మాత్రం రోజూ కయ్యమే. కాళ్ళతో మిషను తొక్కుతూ చెమటలు కక్కుతుంటే, అది చేతి మీద గిలిగింతలు పెట్టి, చాలాసేపటి నుంచి కదల్లేదు, లేచి నిలబడమనేది.

"నువ్వొచ్చి కుట్టవే తల్లీ, నేను నిలబడతాను," అనేది ఆవిడ.

మొదటి రెండు నెలలూ అంకెలు బుద్ధిగా దిగాయి. డెబ్బై నాలుగు, డెబ్బై మూడు, డెబ్బై రెండు. మూడో నెలలో ఏం గాలి సోకిందో, అంకె ఆగింది. ఆగి, మెల్లగా పైకి ఎక్కడం మొదలుపెట్టింది. దానికి తోడు, ఆవిడ దిగగానే మోగాల్సిన ఫోను, ఆవిడ వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు పొయ్యి మీద పెట్టాక గానీ మోగేది కాదు. మిషనుకూ వయసు మీద పడిందేమో, ఆలోచించి చెప్తోంది కాబోలు అనుకుంది.

కూతురి ఫోను మాత్రం ఆలస్యం లేకుండా వచ్చేది.

"అమ్మా, మళ్ళీ పెరిగావ్. డెబ్బై మూడున్నర. నిజం చెప్పు, ఏం తింటున్నావ్?"

"ఏం తింటున్నానే? గాలి తింటున్నా. ఆకలేస్తే మంచినీళ్ళు తాగుతున్నా."

"గాలి తింటే ఎవరైనా పెరుగుతారా అమ్మా? నేను రోజూ ఇలాంటివాళ్ళను ఎంతమందిని చూడను?"

ఆ మాటకు కత్తెరమ్మకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. కడుపు మాడ్చుకున్నదీ తనే, దొంగ అనిపించుకున్నదీ తనే. వెల్వెట్ బయల్దేరిందని అప్పటికే మేనేజరు చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రం ఆవిడ నడకకు వెళ్ళలేదు, తెర తనకు దక్కదనే నిర్ణయించుకుంది. కాజాల మాస్టారు పక్కన కూర్చుని, "పోనీలేవే, ఒక తెర పోతే మనకేం పోయింది," అని ఓదార్చాడు. ఓదార్పు కాస్తా పుండు మీద కారమైంది.

మర్నాడు ఇస్త్రీకి బట్టలు తీస్తుంటే, ఆయన ఖాకీ పాంటు ఆవిడ చేతికి తగిలింది. తను స్వయంగా కుట్టిన పాంటు. తిప్పి చూస్తే నడుము దగ్గర వెనక కుట్టు విప్పి ఉంది. లోపల వదిలిన గుడ్డ మొత్తం బయటికి లాగి, మళ్ళీ మిషను మీద కుట్టారు. ఆ కుట్టు ఒకచోట ఎడమకు పోయింది, ఒకచోట కుడికి పోయింది, ఒకచోట ఏకంగా గుడ్డ దిగి బయటికే పోయింది. ఊరంతా వెతికినా అలాంటి కుట్టు వేసేవాడు ఒక్కడే దొరుకుతాడు. మిగతా పాంట్లు తీసింది. అన్నిటిదీ అదే కథ.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి," అని పిలిచింది.

ఆవిడ చేతిలో పాంటు చూడగానే మాస్టారు తేలు కుట్టిన దొంగలా గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఉతుకులో కుంచించుకుపోయిందే," అన్నాడు చివరికి.

"నాలుగూ ఒకేసారి కుంచించుకుపోయాయా?"

"మరి నా ఒళ్ళయితే తగ్గుతోంది కదా! కావాలంటే చూడు." ఆయన జేబులోంచి ఫోను తీసి చూపించాడు. నిజమే. కొన్ని వారాలుగా అంకె కిందికే దిగుతోంది, కింద మెచ్చుకోలు కూడా ఉంది: శభాష్, చాలా బాగా తగ్గుతున్నారు.

కత్తెరమ్మ మెడలోని టేపు తీసి ఆయన నడుము చుట్టూ వేసింది. తర్వాత తన నడుము చుట్టూ వేసుకుంది. ముప్పై ఏళ్ళుగా ఆ రెండు కొలతలూ ఆవిడకు కంఠతా వచ్చు. ఇప్పుడు రెండూ ఒకటే.

"నిజం చెప్పండి. నేను వదిలేసిన అన్నం ఎవరు తింటున్నారు?"

"ఇద్దరికీ సరిపడా వండుతావ్, సగం కంచం వదిలేసి లేస్తావ్. పారెయ్యడానికి చేతులు రాలేదే. నువ్వు మానేశాక బిస్కెట్లు మెత్తబడిపోతాయేమోనని అవీ... అదీ కాక, ఎంత తిన్నా తగ్గుతున్నావని ఫోను చెప్తుంటే ఇంకెందుకు మానడం అనుకున్నా."

కత్తెరమ్మకు కోపం రావాల్సింది. వచ్చింది కూడా. కానీ ఆయన ముఖం చూస్తే నవ్వు ఆగలేదు. ఇద్దరూ ఆ పాంట్ల కుప్ప పక్కన కూర్చుని చాలాసేపు నవ్వారు.

ఆదివారం కూతురు వచ్చింది. పాంట్లు చూసింది, రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని చూసింది, తల పట్టుకుంది.

"ఇది మొహం చూడదమ్మా. ఎవరి పాత బరువుకు దగ్గరగా ఉంటే వాళ్ళే ఎక్కారనుకుంటుంది. నువ్వు దిగుతున్నావ్, నాన్న ఎక్కుతున్నాడు, మధ్యలో ఎక్కడో ఎదురుపడ్డారు. అప్పటి నుంచి నీ అంకె నాన్నకు, నాన్న అంకె నీకు. నీ తర్వాత నాన్న ఎక్కితే గానీ నీ ఫోను మోగనిది అందుకే. అయ్యో, నిన్ను ఎన్ని మాటలన్నానమ్మా!"

"అంటే అన్నావులే. ముందు నా అంకె నాకు ఇప్పించు."

కూతురు తండ్రి పేరు తీసేసి, తల్లిని ఒక్కదాన్నే ఎక్కించింది. ఫోను మోగింది. డెబ్బై మీద అరకిలో.

వెల్వెట్ అప్పటికే హాల్లోకి వచ్చి పడుంది. మేనేజరు ఆ పూటే జవాబు చెప్పమన్నాడు. కూతురు పెదవి కొరుక్కుంటూ ఫోను వంకే చూస్తోంది. మాట మాటే అనే మనిషి అది. ఆ పట్టుదల తల్లి నుంచి వచ్చిందే కాబట్టి తల్లి కూడా బతిమాలలేదు. మెల్లగా మిషను దిగబోయింది.

"ఆగవే," అన్నాడు మాస్టారు. దగ్గరికి వచ్చి, ఆవిడ ఏప్రాన్ జేబులోంచి కత్తెర తీసి బయట పెట్టాడు. అది బల్ల మీద పడ్డ చప్పుడుకే కూతురు తలెత్తింది.

నాలుగు నెలలుగా పొద్దున్నే కత్తెర జేబులో వేసుకుని తూకం ఎక్కుతోంది ఆ మహాతల్లి. ఒంట్లో భాగమైపోయిన వస్తువు బరువుంటుందని ఎవరికి తడుతుంది? దిగి మళ్ళీ ఎక్కింది. ఫోను ఈసారి అరవై తొమ్మిది చూపించి, పక్కన చుక్క పెట్టి తొమ్మిది తగిలించింది. కూతురు తల్లిని కౌగిలించుకుని అక్కడే ఏడ్చేసింది. కత్తెరమ్మ మాత్రం ముందు కత్తెర అందుకుని జేబులో వేసుకుంది, ఆ తర్వాతే కూతురి వీపు నిమిరింది.

మర్నాడు పొద్దున్నే హాల్లో స్టేజీ నిండా వెల్వెట్ పరిచారు. ముదురు ఎరుపు. కత్తెరమ్మ అంచు దగ్గర నిలబడి, ఊపిరి పీల్చుకుని, మెల్లగా నేల మీదికి దిగింది. మోకాళ్ళు కాస్త గొణిగాయి, ఊరుకున్నాయి. అరచేత్తో నూగు నిమిరింది. ఏడాదిగా ఆ స్పర్శ ఆవిడకు లేదు. అవతలి అంచు దగ్గర మాస్టారు సుద్ద పట్టుకుని, ఎదురుగా కూర్చుని, ఆవిడ చెప్పినచోటల్లా గీత గీస్తూ జరిగాడు. కత్తెర నడిచిన కొద్దీ గుడ్డ మెత్తగా విడిపోయింది. మధ్యాహ్నానికి ఆఖరి ముక్క తెగింది.

కత్తెరమ్మ ఒక చెయ్యి నేలకానించి, ఎవరి సాయమూ లేకుండా లేచి నిలబడింది. చుట్టూ చూసింది. చూసినవాళ్ళెవరూ లేరు, ఒక్క మాస్టారు తప్ప. ఆయన కూర్చున్నచోటే ఉన్నాడు. ఒకసారి లేవబోయాడు, కుదరలేదు. రెండోసారి ప్రయత్నించి, పాంటు నడుము పట్టుకుని సిగ్గుగా నవ్వాడు.

"ఏం చేయనే, నా కిలోలు కాక నీవి కూడా మోస్తున్నా కదా."

కత్తెరమ్మ వెల్వెట్ తొక్కకుండా చుట్టూ తిరిగి ఆయన దగ్గరికి వెళ్ళింది. కత్తెర జేబులో వేసుకుని, రెండు చేతులూ చాచింది.

"నెమ్మదిగా లేవండి," అంది. "కంగారు పడకండి. నేనున్నానుగా."