వెలితి గిన్నె

నేను ఒక ఉగ్గుగిన్నెను. ఇత్తడిదాన్ని. పసిపిల్లల నోట్లో పాలు పోయడానికి ముందువైపు చిన్న కొమ్ము ఉంటుంది నాకు. నన్ను చేసిన కంచరి ఆఖరి సుత్తిదెబ్బ వేస్తే పక్క ఊరి గేదెలు బెదిరి నెల్లాళ్లు పాలు చేపలేదట. సాక్షి ఎవరంటారా? నేనే. నమ్మితే నమ్మండి, లేకపోతే గేదెలనడగండి.

తవిటమ్మ పుట్టింటినుంచి తెచ్చుకున్న సామానులో నేనొకదాన్ని. ఆవిడ బిడ్డలందరికీ నాతోనే ఉగ్గు పట్టింది. ఆ ఇంట్లో ఒక పట్టింపు ఉంది. నన్ను అంచుదాకా నింపాల్సిందే. వెలితిగా పెడితే బిడ్డ ఆయుష్షు వెలితి. సరే, అప్పుడు నాలో ఉండేవి అమ్మపాలు. వసకొమ్ము రాతిమీద ఒక్కసారి రాసి కలిపేవారు. ఎంత నింపినా మందు పిసరంతే.

ఆ మధ్య తవిటమ్మ మనవడికి జ్వరం వచ్చింది. పాలుతాగే పసివాడు, ఒళ్లు పెనంలా కాలింది. డాక్టరమ్మ చుక్కల మందు రాసిచ్చింది. కోడలు సుగుణ బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్లగానే తవిటమ్మ బుడ్డి మూత తీసి నాలోకి వంచింది. చిక్కటి మందు. అంచుదాకా. మనుషులకో నమ్మకం, మంచిది ఎంత ఎక్కువైతే అంత మంచిదని. కూరలో ఉప్పు దగ్గర మాత్రం ఆ నమ్మకం పనిచేయదు!

ఇత్తడికి చెమట పట్టదంటారు. ఆరోజు నాకు పట్టింది. అరుద్దామంటే నోరున్నా గొంతు లేదు. నా కొమ్ము పసివాడి పెదవికి ఆనింది.

సుగుణ తిరిగొచ్చేసరికి నేను ఖాళీ.

"అత్తా! ఈ బుడ్డి ఏటిలా కాళీ అయిపోనాది?"

"గిన్నెడు పట్టీసినానే. ఎలితిగా పెడితే గుంటడి ఆయుస్సు ఎలితైపోదేటి?"

"ఓలమ్మో! సుక్కల మందే అది! సంపీసినావే నా కొడుకుని!"

ఆటోలో తవిటమ్మ నన్ను ఒళ్లో పట్టుకునే ఉంది. టౌను ఆసుపత్రిలో డాక్టరమ్మ తిట్టలేదు. అదే ఇంకా భయపెట్టింది.

"జ్వరం తగ్గించేదీ ఈ మందే, మోతాదు మించితే కాలేయాన్ని కాల్చేదీ ఈ మందే. చుక్కల్లో గాఢత ఎక్కువ. పిల్లాడు ఎన్ని కిలోలుంటే దానికి తగ్గట్టే పోయాలి. విరుగుడు ఉంది. ముందు లోపలికి ఎంత పోయిందో తేలాలి. గిన్నె ఇలా ఇవ్వండి."

సిరంజితో నాలో నీళ్లు కొలిచి పోయసాగింది. పుట్టాక మొదటిసారి, నేను చిన్నదాన్నైతే బాగుండునని దేవుణ్ణి వేడుకున్నాను. ఆవిడ పోస్తూనే ఉంది. నేనేమో ఎంతకీ నిండను.

"కక్కాడా?"

"సగానికి పైగా నా సీర మీదే ఊసీసినాడమ్మా," అంది తవిటమ్మ, తడిసిన కొంగు చూపిస్తూ. పసివాడి బుద్ధి పెద్దవాళ్ల బుద్ధికన్నా ఏ కాలంలోనైనా ఒక మెట్టు పైనే!

డాక్టరమ్మ కొంగు చూసింది, లెక్క కట్టింది, కానీ నవ్వలేదు. "మందు రక్తంలోకి ఎక్కడానికి టైం పడుతుంది. ఆడుకుంటున్నాడని మోసపోకూడదు. కొన్ని గంటలాగి రక్తం చూస్తాం. అందాకా కూర్చోండి."

కూర్చున్నారు. అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మధ్యలో బెంచీమీద నేను. రక్తం ఫలితం వచ్చింది.

"ప్రమాదం లేదు."

సుగుణ ఏడ్చింది. తవిటమ్మ ఏడవడం కూడా మరిచిపోయింది.

ఇప్పుడు నేను అలమర కింది అరలో ఉన్నాను. నాలో మందు చుక్కలు కొలిచే డ్రాపరు ఒకటి నిలబడి ఉంటుంది, అంతే. నన్ను నింపే సాహసం ఎవరూ చేయరు. మొన్న పసివాడు పాకుతూ వచ్చి నన్ను లాగి నేలమీద మోగించాడు. తవిటమ్మ నన్ను తీసుకుని నా అడుగంతా వేలితో తడిమి చూసింది. ఖాళీగా ఉన్నానని తేలాకే మళ్లీ వాడి చేతికిచ్చింది.