నీడ రంగు

కుంచెలు కడగడం గిన్నెలు తోమినంత తేలిక కాదు. టర్పెంటైన్‌లో జాడించి, గుడ్డతో ఒత్తి, సబ్బు నురగ తెల్లగా వచ్చేదాకా అరచేతిలో రుద్దాలి. పద్దెనిమిదేళ్లుగా రుద్దుతోంది ఆమె. భర్త కొండల బొమ్మలు వేస్తాడు. జనం ఆయన్ని కొండలాయన అనే పిలుస్తారు. ఏటా ఎండాకాలం నెల్లాళ్లు కొండల్లో ఓ గది అద్దెకు తీసుకుంటారు. ఆయన బయట బండ మీద, ఆకాశానికి ఎదురుగా. ఆమె లోపల పొయ్యి దగ్గర, గోడకు ఎదురుగా. బొమ్మల కాలేజీలో ఇద్దరిదీ ఒకే క్లాసు. అప్పట్లో ఆమె వేసినవే ముందు గోడకెక్కేవి. పెళ్లయ్యాక అత్తగారు, "ఇద్దరూ బొమ్మలేస్తూ కూర్చుంటే వంటెవరు చేస్తారమ్మా?" అని నవ్వుతూనే అడిగింది. నవ్వుతూ అడిగినదానికి ఎలా పోట్లాడాలో తెలీక ఊరుకుంది. తర్వాత ఊరుకోవడమే అలవాటైంది.

మొన్న ఆయన బొమ్మల ప్రదర్శనలో ఒక విద్యార్థిని ఆమె దగ్గరికొచ్చి అడిగింది. "ఆంటీ, ఆ కొండల్ని చూస్తే మీకేమనిపిస్తుంది?"

ఆమె నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. "ఆవిడకా? చలి!"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇంటికొచ్చాక, కోపమొస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. పంటికి మత్తిచ్చాక బుగ్గ గిల్లుకున్నట్టుంది.

ఈ ఏడూ కొండలకు వచ్చారు. నాలుగో రోజు పొద్దున్నే మంచు వీడింది. ఆమె బయటికొచ్చేసరికి, ఇంకోవైపు నుంచి కొండ ఎలా ఉంటుందో చూడాలని ఆయన వాలు దిగి వెళ్లాడు. బండ ఖాళీగా ఉంది. కూర్చుంది. తలెత్తి కొండను చూసింది. గుండె ఉప్పొంగిపోతుందని అడిగినవాళ్లందరికీ ఆయన చెప్తాడు. ఆమెకేమీ పొంగలేదు. ఒకటి మాత్రం కనిపించింది. ఆయన నీడల్ని ఎప్పుడూ నీలంగా వేస్తాడు. కొండ మీది ఆ నీడ నీలం కాదు. మాగిన నేరేడు రంగు, అడుగున కాస్త ఆకుపచ్చ. ఇన్నేళ్లూ తప్పే వేశాడన్నమాట.

పక్కన ఆయన వదిలివెళ్లిన కాగితం లాక్కుని, ఆయన రంగుల్లోంచే రంగు కలిపింది. ముందు చెయ్యి మొరాయించింది. మూడో గీతకు దారికొచ్చింది.

ఆయన ఆయాసపడుతూ పైకొచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఏమోయ్, టీ ఏది? అయ్యో, అది ఖరీదైన కాగితం, తెలుసా?"

"తెలుసు. తెచ్చింది నేనేగా."

ఆమె గొంతులో కోపమూ లేదు, బతిమాలడమూ లేదు.

"కాస్త పక్కకు జరగండి. కొండ కనపడటం లేదు."