కాఫీలో పొడి

చొక్కాలకు గుండీలు కుట్టే దర్జీని, నా గుండెకే గుండీలు బిగిశాయి. దాని చుట్టూ ఉండే పొర గట్టిపడి గుండెను నొక్కేయడంతో రెండేళ్లుగా నీరు చేరి పొట్ట కుండలా ఉబ్బింది. సర్జన్ ఆ పొరను కోసి తీసేశాక వారానికే పొట్ట తగ్గింది.

ఆసుపత్రి మంచం పక్కన మా ఆవిడ ఫ్లాస్కులోంచి కాఫీ పోస్తూ కళ్లు తుడుచుకుంది.

"మీరు చాటుగా తాగుతున్నారని మా అన్నయ్య అన్నాడండీ. ఏడాదిగా మీ కాఫీలో తాగుడు మాన్పించే పొడి కలిపాను."

"మీ అన్నయ్య సరే, పొట్ట చూసి తీర్పు చెప్పే జడ్జి. ఇరవై ఏళ్లు పక్కనున్నదానివి, ఒక్కనాడైనా నా దగ్గర వాసనొచ్చిందా?"

"రాలేదు. తెలివిగా దాస్తున్నారనుకున్నాను."

నవ్వబోతే కుట్లు లాగాయి. కప్పు ఆమె చేతికే తిరిగిచ్చి, నర్సమ్మను మంచినీళ్లు అడిగాను.