మొరం కప్పిన మైలు

ఇంకో గంటలో ఇంజనీరు సాబు కారు దూలపల్లి మలుపుకు వస్తుందనగా, దానియేలుకు తాను చేసిన పనేమిటో తెలిసివచ్చింది. మైలురాయి మీద కూలబడ్డాడు.

నిన్న సాబు వస్తున్నాడని కబురు అందినప్పుడు ఎంత సంబరపడ్డాడో! పట్నం నుంచి మేడ్చల్ పోయే సడకు మీద ఆ మైలుకు ఇరవై ఏళ్లుగా అతడే మేస్త్రి. పెద్దమనిషి ఇంటికొస్తున్నాడంటే ఎవరైనా వాకిలి ఊడ్చి అలుకుతారు కదా. దానియేలుకు ఆ మైలే వాకిలి. గ్యాంగునంతా పిలిచి, గుంతల్లో మొరం మట్టి పోయించి, నీళ్లు చల్లించి, దిమ్మిసలతో కొట్టించాడు. పొద్దుగూకేసరికి సడకు అద్దంలా తయారైంది. చూసుకుని మురిసిపోయాడు వెర్రిబాగులవాడు.

పొద్దున కుత్బుల్లాపూర్ వైపు మేస్త్రి నారాయణ సైకిల్ మీద వచ్చి అసలు సంగతి చెప్పాడు. మిలిటరీ లారీలు తిరిగి తిరిగి సడకులన్నీ చెడిపోయాయట. ఉన్న కంకర అన్నిటికీ చాలదట. అందుకని సాబు ఒళ్లో జాబితా పెట్టుకుని తిరుగుతున్నాడు. కారు ఎగిరిపడ్డ మైలుకు కంకర రాస్తున్నాడు, నున్నగా సాగిన మైలును జాబితాలోంచి కొట్టేస్తున్నాడు.

"నా మైలుల నాలుగుసార్లు ఎగిరింది. వెంటనే రాసిండు" అన్నాడు నారాయణ. దానియేలు అద్దంలాంటి తన సడకు వైపు చూశాడు.

పోయిన వానాకాలం, సడకు కింద వాననీళ్లు పోయే మోరీ దగ్గర గుంతలో పడి ఊళ్లో గాలయ్య ఎడ్లబండి తిరగబడింది. గాలయ్యకు ఒక కాలు పోయింది. ఈ ఏడు కంకర పడకపోతే మోరీయే కూలుతుంది. అప్పుడు పోయేది కాలుతో ఆగదు.

గ్యాంగులో పడుచువాడు ఓదెలు మొరమంతా తవ్వి పారేద్దామన్నాడు. రాత్రంతా ఆరి అది గట్టిపడింది, గంటలో అయ్యే పని కాదు. పైగా సర్కారు సడకు తవ్వుతూ దొరికితే జైలే. గ్యాంగులోనే తట్ట మోసే అతని భార్య రాహేలు, తట్ట పక్కన పెట్టి దానియేలు దగ్గరికి వచ్చింది.

"సప్పుడు జేయకుంటే నీ కొలువుంటది. మోరీ ఉండదు" అంది నెమ్మదిగా. ఏం చేయమని మాత్రం చెప్పలేదు.

అంతలో దుమ్ము లేచింది. కారు ఎక్కడా కుదుపు లేకుండా సాగివచ్చి మోరీ దాటి ఆగింది. సాబు దిగి, వెనక్కి ఒకసారి చూసి, శాబాష్ అన్నాడు. ఆ ఒక్క మాట కోసం ఇరవై ఏళ్లు ఎదురుచూసిన మనిషికి అది చెవిలో సీసం పోసినట్టయింది. సాబు జేబులోంచి పెన్సిల్ తీశాడు.

దానియేలు గడ్డపార ఎత్తి, తాను నిన్న చదును చేయించిన చోటే బలమంతా పెట్టి దించాడు. సాబు వెంట వచ్చిన బంట్రోతు అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. దానియేలు ఆగలేదు. మూడో పోటుకు మొరం పెళ్లలుగా లేచి, కింద బోలుగా ఉన్న గుంత బయటపడింది.

"గీ మైలు మంచిగ లేదు సర్కార్" అన్నాడు. "మీరొస్తున్నరని నేనే కప్పిపెట్టిన. మొదటి వానకే పోతది. కంకర రాయుండ్రి."

సాబు చేతికర్ర గుంతలో దించాడు. సగానికి దిగింది. తర్వాత జాబితా తెరిచి ఆ మైలుకు కంకర రాశాడు. రాసి, సడకు లోపం దాచినవాడికి సడకు అప్పగించలేనన్నాడు. సోమవారం నుంచి ఓదెలు మేస్త్రి. దానియేలు కావాలంటే తట్ట మోయవచ్చు.

దానియేలుకు ఏడుపొచ్చింది. అందరి ముందే ఏడ్చాడు.

మూడు వారాలకు కంకర బండ్లు వచ్చాయి. ఆ పొద్దున ఓదెలు హాజరు పుస్తకం పట్టుకుని ఒక్కొక్క పేరే పిలిచాడు. చివరి పేరు దగ్గర ఆగిపోయాడు. ఇరవై ఏళ్లుగా తమ పేర్లు పిలిచిన మనిషిని పేరు పెట్టి పిలవడమెట్లా? గ్యాంగంతా తలలు వంచుకుంది.

"పిలువు బిడ్డా" అన్నాడు దానియేలు. "వానలొస్తున్నయి."

ఓదెలు పిలిచాడు. దానియేలు హాజర్ అని, రాహేలు ఎత్తిన తట్టను తలమీదికి తీసుకుని, మోరీ వైపు నడిచాడు.