వెయ్యి వాట్ల పెట్టె

మా కంప్యూటర్ షాపు పై అరలో కంప్యూటర్ లోపలి భాగాలకి కరెంటు అందించే పెట్టె, వెయ్యి వాట్ల పవర్ సప్లై ఒకటి ఏడాదిన్నరగా తిష్ఠ వేసుకుని ఉండేది. కంప్యూటర్ ఆటల పిచ్చి ఉన్నవాళ్లు కూడా దాన్ని చేతిలోకి తీసుకుని, బరువు చూసి ముచ్చటపడి, మళ్లీ అక్కడే పెట్టేసేవాళ్లు. ఓనరు దాని మీది దుమ్ము తుడుస్తూ, దీన్ని అమ్మే మొనగాడు మన షాపులో ఇంకా పుట్టలేదని నా వైపు చూసేవాడు. పదిహేనేళ్లుగా కంప్యూటర్లు బిగిస్తున్నవాణ్ణి, ఆ మాటకి ఒళ్లు మండిపోయేది. చివరికి అమ్మి చూపించాను. ఎవరికనుకున్నారు? మా పిన్నికి.

పిన్ని వినికిడి లేని పిల్లల బడిలో ముప్పయ్యేళ్లు డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరైంది. కొత్తగా చేరే పిల్లల కోసం సైగల బొమ్మల పుస్తకం గీసిపెట్టమని హెడ్‌మిస్ట్రెస్ అడిగేసరికి, మనిషి పదేళ్లు చిన్నదైపోయింది. కంప్యూటర్ మీద గీయడం కూడా పట్టుబట్టి నేర్చుకుంది. ఇక కంప్యూటర్ కొనాలంటే ఎక్కడికి వెళ్తుంది? ఇంట్లో ఇంజనీరు ఉండగా బయటివాళ్లెందుకని సరాసరి మా షాపుకే వచ్చింది. నేను ఇంజనీర్ని కాను, స్క్రూడ్రైవర్ పట్టుకునేవాణ్ణి. పిన్నికి రెండూ ఒకటే.

ఆ రోజు ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న.

"మా వీధిలో సాయంత్రం పూట ఉన్నట్టుండి కరెంటు పోతుందిరా. నా బొమ్మలకేం కాదు కదా?"

దానికి జవాబు యూపీఎస్. కరెంటు పోయినా పది నిమిషాలు కంప్యూటర్‌ని నిలబెడుతుంది, గీసింది దాచుకుని తీరిగ్గా ఆపుకోవచ్చు. నేను రాసిన లిస్టులో అది ఉంది కూడా. కానీ వెయ్యి వాట్ల పెట్టె చేర్చేసరికి లిస్టు ఖర్చు ఆవిడ అనుకున్న డబ్బుని దాటిపోయింది. లిస్టులో యూపీఎస్ మీద గీత కొట్టేశాను. "ఇంత పెద్ద పవర్ సప్లై వేశాక నీకేం భయం పిన్నీ" అన్నాను.

బొమ్మలు గీసుకునే మనిషికి మూడొందల వాట్లే ఎక్కువ. అయినా వాట్లు ఎన్నుంటే ఏం లాభం? గోడలో కరెంటు పోయాక మూడొందలదీ ఒకటే, వెయ్యిదీ ఒకటే. ఈ పనిలో చేరినవాడికి మొదటి రోజే తెలిసే సంగతి. నాకు తెలియక అన్నానా? తెలిసే అన్నాను. ఆ సాయంత్రం ఓనరు అందరి ముందూ నా భుజం తడితే సిగ్గులేకుండా నవ్వాను కూడా.

పిన్ని ఆ కంప్యూటర్‌ని చూసుకుని మురిసిపోయింది. మా వాడు ఏం వేశాడో గానీ ఫ్యాను చప్పుడే వినపడదని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. వినేవాళ్లకి నా మీద గౌరవం పెరిగింది. నాకు మాత్రం ఆ ఇంట్లో కాఫీ మింగుడు పడేది కాదు.

ఐదు నెలలకి, ఆవిడ ఫైలు సేవ్ చేస్తుండగా కరెంటు పోయింది. యాభై రెండు బొమ్మలూ ఒక్కటే ఫైలు. మళ్లీ తెరుచుకోలేదు. డిస్కు షాపుకి తెచ్చి మూడు రోజులు కుస్తీ పట్టాను. ఎప్పుడో తీసిన కాపీలోంచి పదకొండు బొమ్మలు దొరికాయి, అంతే. ఆ మాట చెప్పడానికి వెళ్తే, "నేనే ఏదో తప్పు నొక్కి ఉంటానులేరా. నువ్వు అంత మంచిది ఇచ్చావు" అని నన్నే ఓదార్చింది. ఇలాంటివి జరుగుతుంటాయిలే పిన్నీ అని తప్పించుకుని వచ్చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రెండు నెలల తర్వాత పిన్ని కూతురు ఫోను చేసింది. అమ్మ కంప్యూటర్ మీద దుప్పటి కప్పేసిందట, పెన్సిలు కూడా ముట్టడం లేదట. ఇక నా వల్ల కాదు, బుర్ర మునుపటిలా లేదని హెడ్‌మిస్ట్రెస్‌తో చెప్పేసిందట. సోమవారం ఆ పుస్తకం వేరేవాళ్లకి అప్పగిస్తున్నారట.

ఆదివారం ఒక చంకలో కొత్త యూపీఎస్, జేబులో ఎన్ని వాట్లు లాగుతుందో చూపే చిన్న కరెంటు మీటరు పెట్టుకుని వెళ్లాను. నోరు పెగలకపోతే మీటరైనా చెబుతుందని దాన్ని తీసుకెళ్లాను. దుప్పటి తీసి, కంప్యూటర్ వైరు మీటరుకి తగిలించి, పిన్నిని కూర్చోబెట్టి ఏదైనా గీయమన్నాను. ఇష్టం లేకుండానే ఒక చెయ్యి గీసింది. ఐదు వేళ్లూ అచ్చం మునుపటిలాగే వచ్చాయి. బుర్ర ఎక్కడికీ పోలేదు.

మీటరు మీద ఎంతుందో చదవమన్నాను.

"తొంభై రెండు."

"నీ కంప్యూటర్ తినేది అంతే పిన్నీ. నేను నీకు అంటగట్టింది వెయ్యిది. దానికి పనే లేదు, వేడెక్కదు, అందుకే ఫ్యాను తిరగదు. నీకు కావాల్సింది ఇదిగో, ఈ యూపీఎస్. ఆ పెట్టె అమ్మాలని దీన్ని నేనే లిస్టులోంచి తీసేశాను. నీ బొమ్మలు పోయింది నా వల్ల."

పిన్ని చేతిలోని పెన్ను పక్కన పెట్టేసింది.

"కరెంటు గురించి నేనడిగినప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

తిడుతుందనుకున్నాను. చెంప పగలగొట్టినా బాగుండేది.

"రెండు నెలలుగా గ్యాస్ కట్టేశానా లేదా అని లేచి లేచి చూసుకుంటున్నానురా," అంది. "నాకు మతి పోతోందనుకున్నాను."

బల్ల కింద దూరి యూపీఎస్ తగిలిస్తుంటే పిన్నే టార్చి పట్టుకుంది. పనయ్యాక చెప్పులేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చింది. రేపు పొద్దున్నే బడికి వచ్చి ఇదంతా హెడ్‌మిస్ట్రెస్‌తో చెప్పమంది. వస్తానన్నాను.

"ఆ మీటరు కూడా పట్టుకురా," అంది. "వట్టి మాటంటే ఆవిడ నమ్మదు. నీ గురించి అంత గొప్పగా చెప్పి ఉంచాను."